ఓడ దిగాక ఎనిమిది పెట్టెలతో ఆదివారం పూట ఎక్కడ తిరగాలి?

ప్రశ్న: మేము కాకినాడ నుంచి రాస్తున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, వాళ్ళావిడ, నలుగురం, అందరం అరవై దాటినవాళ్ళమే. సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఎక్కి నార్వే చూసి మళ్ళీ అక్కడే దిగే వారం రోజుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. ఆదివారం పొద్దున్నే ఓడ వచ్చేస్తుంది, అదే రోజు రాత్రి 9:15కి హీత్రూ టెర్మినల్ 3 నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ ఫ్లైట్. తలా రెండు పెద్ద పెట్టెలు. సామాను సౌతాంప్టన్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేసి రైల్లో లండన్ వెళ్ళి చూసొచ్చి, సామాను తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి పోదాం అంటాడు మా బావమరిది. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ భయపడుతోంది. ఏం చెయ్యమంటారు? ఇంకో చిన్న సందేహం, ఓడ మీద కొన్న మందు సీసా విమానంలో రానిస్తారా?

సమాధానం: బాబాయ్‌గారూ, ముందు పిన్నిగారి భయమే కరెక్టని చెప్పండి, మీ బావమరిదిగారు ఏమీ అనుకోకపోతే ఆ ప్లాన్ ఇప్పుడే పక్కన పెట్టేద్దాం. ఆయన తప్పేం లేదులెండి, క్రూయిజ్ వాళ్ళ బ్రోచర్లలో లండన్ అని పెద్దక్షరాల్లో వేసి పక్కన సౌతాంప్టన్ అని చిన్నగా వేస్తారు, చూసినవాళ్ళు ఏదో సికింద్రాబాద్ నుంచి నాంపల్లికి వెళ్ళినట్టు అనుకుంటారు. లండన్‌కీ సౌతాంప్టన్‌కీ మధ్య 80 మైళ్ళు, అంటే దగ్గర దగ్గర 130 కిలోమీటర్లు, రైల్లో వాటర్లూ స్టేషన్‌కి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. సామాను కోసం మళ్ళీ వెనక్కి రావాలంటే ఇంకో గంటా ఇరవై, అక్కడి నుంచి హీత్రూకి మళ్ళీ దాదాపు రెండు గంటలు. లండన్‌లో బిగ్ బెన్ ముందు ఒక ఫొటో దిగి పరిగెత్తుకు రావడమే అవుతుంది.

పైగా ఆ క్లోక్‌రూమే లేదు. విజయవాడ, రాజమండ్రి అలవాటున్నవాళ్ళం కదా, పెద్ద స్టేషన్ అంటే క్లోక్‌రూమ్ ఉంటుందనుకుంటాం, సౌతాంప్టన్ సెంట్రల్ స్టేషన్‌లో సామాను పెట్టుకునే చోటు లేదండి. ఈ దేశంలో ఐఆర్ఏ అనే ఐరిష్ తీవ్రవాద సంస్థ బాంబులు పెట్టిన రోజుల నుంచే స్టేషన్లలో లాకర్లంటే భయం. 1991 ఫిబ్రవరిలో లండన్ విక్టోరియా స్టేషన్‌లో చెత్తబుట్టలో పెట్టిన బాంబు పేలి ఒకాయన చనిపోయాడు, ఆ తర్వాత చాలా స్టేషన్లలో చెత్తబుట్టలు కూడా తీసేశారు. ఇప్పటికీ రైలెక్కితే చాలు, అనుమానంగా ఏదైనా కనిపిస్తే చెప్పండి అని ‘సీ ఇట్, సే ఇట్, సార్టెడ్’ అంటూ మైకులో చెవులు తినేస్తారు. కాబట్టి పెట్టెల్ని ఓ మూల పెట్టి టీ తాగొద్దాం అనే ఆలోచన అస్సలు వద్దు, మీరు వచ్చేసరికి వాటి చుట్టూ పోలీసులుంటారు. లండన్‌లో వాటర్లూ, విక్టోరియా, పాడింగ్టన్, కింగ్స్ క్రాస్ లాంటి పెద్ద స్టేషన్లలో మాత్రం డబ్బులు తీసుకుని, ఎక్స్‌రేలో చూసి పెట్టుకునే కౌంటర్లు ఉన్నాయి, దాన్ని ఇక్కడ లెఫ్ట్ లగేజ్ అంటారు. హీత్రూలో కూడా ఉన్నాయి.

సౌతాంప్టన్‌లో కూడా ఫోన్ యాప్‌లో బుక్ చేసుకుని ఏదో చిన్న షాపులోనో హోటల్లోనో పెట్టెలు వదిలే పద్ధతి ఉంది, రేటు తక్కువే. దాని మీద నా సొంత అనుభవం చెప్తాను వినండి. నేను ఇక్కడే ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్ళో ఉంటాను, మూడేళ్ళ కిందట మా అత్తగారినీ మామగారినీ ఇలాగే క్రూయిజ్‌కి తీసుకెళ్ళి, దిగాక ఊరు చూపిద్దామని ఒక యాప్‌లో సామానుకి బుక్ చేశాను. యాప్‌లో పొద్దున ఎనిమిదికి తెరుస్తారని ఉంది, మేం తొమ్మిదిన్నరకి వెళ్తే షట్టర్ వేసి ఉంది, ఎందుకంటే ఆ రోజు ఆదివారం. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, డబ్బులు తర్వాత వెనక్కి వచ్చాయనుకోండి, కానీ ఆ పూట మాత్రం ముగ్గురం ఐదు పెట్టెలతో పార్క్‌లో బెంచీ మీద కాపలా కూర్చున్నాం. ఎదురుగా టైటానిక్ ఇంజనీర్ల స్మారకం ఉంది, 1914లో కట్టింది, ఆ ఓడ 1912 ఏప్రిల్ 10న ఈ ఊరి నుంచే కదా బయల్దేరింది, అందులో పనిచేసిన ఇంజనీర్లలో ఒక్కరూ బతకలేదు. మా అత్తగారిని సౌతాంప్టన్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ స్మారకం ఒక్కటే వర్ణిస్తుంది, పాపం రెండు గంటలు దాన్నే చూసింది.

మీదీ ఆదివారమే, అందుకే ఇంత చెప్తున్నా. ఇంగ్లండ్‌లో ఆదివారం పెద్ద షాపులు చట్టం ప్రకారం ఆరు గంటలకి మించి తెరవకూడదు, అదీ పొద్దున పది తర్వాతే, 1994 నుంచీ ఉన్న రూలు. ఓడ మిమ్మల్ని తొమ్మిదికల్లా బయటికి పంపించేస్తే ఊళ్ళో పెద్ద షాపులేవీ తెరిచి ఉండవు. రైల్వే వాళ్ళు పట్టాల రిపేర్లు కూడా ఎక్కువగా ఆదివారాలే పెట్టుకుంటారు, ఆ రోజు సగం దారి రైలు బదులు బస్సు ఎక్కమంటారు, మీ ఎనిమిది పెట్టెలతో అది ఊహించుకోండి.

అసలు మీ ప్రశ్నలో నాకు కనిపించింది ఆ ఎనిమిది అంకె. మీరు మనుషులు ఎలా వెళ్ళాలా అని ఆలోచిస్తున్నారు, ఇక్కడ ముందు తేల్చాల్సింది ఆ రోజంతా పెట్టెలు ఎక్కడుంటాయి అన్నది, అది తేలితే మిగతాది దానంతటదే తేలిపోతుంది. లెక్క చూడండి, లెఫ్ట్ లగేజ్ కౌంటర్లలో పెట్టెకింత అని తీసుకుంటారు, మనిషికి కాదు. ఒక్కో పెట్టెకి ఓ పదిహేను పౌండ్లు వేసుకోండి, ఎనిమిదికి 120 పౌండ్లు. ఇద్దరు మనుషులు రెండు పెట్టెలు అయితే హాయిగా రైల్లో వాటర్లూ వెళ్ళి, అక్కడే పెట్టేసి, నడుచుకుంటూ పదినిమిషాల్లో వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి మీదికి వెళ్ళమనేదాన్ని. మీకు ఆ 120కి తోడు నలుగురి రైలు టికెట్లు, సాయంత్రం వాటర్లూ నుంచి హీత్రూకి రెండు టాక్సీలో ఒక పెద్ద వ్యానో, అదంతా కలిపితే పొద్దున ఓడ దగ్గరే వ్యాన్ ఎక్కి రోజంతా పెట్టెలు దాంట్లోనే ఉంచుకోవడానికి అయ్యే ఖర్చుకి దగ్గరగా వచ్చేస్తుంది.

అందుకని నా సలహా, ఎనిమిది సీట్ల వ్యాన్ ముందే బుక్ చేసుకోండి. నలుగురికి ఎనిమిది సీట్లెందుకు అంటారేమో, ఇక్కడ మామూలు కారు డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు, మహా అయితే మూడు పడతాయి. పైన క్యారియర్ మీద తాడేసి కట్టడం మన దగ్గరే, ఇక్కడ ఎవరూ చెయ్యరు. బుక్ చేసేటప్పుడు మనుషులెంతమందో, పెద్ద పెట్టెలెన్నో, చేతి బ్యాగులెన్నో విడివిడిగా రాయండి. హీత్రూ ఎంతో దూరం లేదు, 65 మైళ్ళు, ఎం3 రోడ్డు మీద గంటన్నర లోపు, అలాంటి వ్యాన్‌కి నేరుగా వెళ్ళడానికి 170 నుంచి 230 పౌండ్ల దాకా అవ్వచ్చు, మధ్యలో ఆపి వెయిట్ చెయ్యమంటే గంటల లెక్కన ఇంకొంచెం వేస్తారు. ఇద్దరు ముగ్గుర్ని ఈమెయిల్‌లో రేటు అడగండి, పార్కింగ్, వెయిటింగ్ అన్నీ కలిపి ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. టెర్మినల్ బయట ఎవరైనా దగ్గరికొచ్చి టాక్సీ కావాలా అంటే వద్దనండి, ఇక్కడ రూలు ఏంటంటే స్టాండ్‌లో వరసలో ఉన్న టాక్సీలు తప్ప మిగతా కార్లు ముందు బుక్ చేస్తేనే ఎక్కాలి.

డ్రైవర్‌కి ఓడ పేరు, టెర్మినల్ పేరు రెండూ ఇవ్వాలి. సౌతాంప్టన్‌లో క్రూయిజ్ టెర్మినల్స్ ఐదున్నాయి, ఓషన్, క్యూఈ2, సిటీ, మేఫ్లవర్, హొరైజన్, అవన్నీ ఒకే చోట లేవు, ఓషన్, క్యూఈ2 ఊరికి ఒక వైపు ఉంటే మిగతావి రేవుకి ఇంకోవైపు. ఎక్కిన టెర్మినల్‌లోనే దింపుతారని కూడా గ్యారంటీ లేదు, ఓడలో ఆఖరి రోజు ఇచ్చే కాగితం చూసుకోండి. టైము విషయానికొస్తే ఓడ ఆరున్నరకి రేవులో ఉంటుంది కదా అని ఏడుకి వ్యాన్ చెప్పకండి. దిగే ముందు రోజు రాత్రి మీ పెట్టెలకి రంగుల ట్యాగులు కట్టి గది బయట పెడితే వాళ్ళే కిందికి దింపుతారు, పొద్దున మీ రంగు పిలిచినప్పుడు దిగి హాల్లో మీ పెట్టెలు వెతుక్కోవాలి. ఎవరి సామాను వాళ్ళే మోసుకుని అందరికంటే ముందు దిగే పద్ధతి ఒకటుంది, పిన్నిగారి మోకాళ్ళతో అది మాత్రం ఒద్దు. ఓడలోనే రెండు రోజుల ముందు రిసెప్షన్‌కి వెళ్ళి దిగేటప్పుడు వీల్‌చెయిర్ కావాలని చెప్పండి, మొహమాటపడకండి. విమానానికి కూడా రెండు రోజుల ముందే ఎయిర్‌లైన్ వాళ్ళకి చెప్పుకోవాలి. వ్యాన్‌ని తొమ్మిదిన్నరకి రమ్మంటే సరిగ్గా సరిపోతుంది.

ఆ రాత్రి పెట్టెలు బయట పెట్టేటప్పుడు పాస్‌పోర్టులు, మందులు, పొద్దున కట్టుకునే బట్టలు, చెప్పులు చేతి సంచిలో ఉన్నాయా లేదా అని చూసుకోండి. నవ్వకండి, మేము వెళ్ళినప్పుడు మా పక్క గదిలో ఆయన లుంగీ, బనీనుతో మిగిలిపోయి వాళ్ళావిడ శాలువా కప్పుకుని దిగాడు.

ఇక పన్నెండు గంటలు ఎక్కడ గడపాలి. అందరూ స్టోన్‌హెంజ్ అంటారు, దగ్గరే, గంట ప్రయాణం, టైము బుక్ చేసుకుని వెళ్ళాలి, టికెట్ సెంటర్ నుంచి రాళ్ళ దాకా రెండు కిలోమీటర్లు బస్సులో తీసుకెళ్తారు. కానీ గాలి కొడితే మనవాళ్ళు తట్టుకోలేరు, చూసేది అరగంట. మీరు నలుగురూ రాళ్ళంటే ఇష్టపడేవాళ్ళో కాదో నాకు తెలీదు, మా మామగారైతే వీటికన్నా మన లేపాక్షి నయం కదే అన్నాడు.

నేనైతే విండ్సర్ అంటాను. సౌతాంప్టన్ నుంచి గంటా పది, గంటా పావు, అక్కడి నుంచి హీత్రూ అరగంట కూడా లేదు, అంటే దారి తప్పకుండానే చూసినట్టు. విండ్సర్ కోట మంగళ, బుధవారాలు ఉండదు, ఆదివారం ఉంటుంది. ఒక్క లోటు ఏంటంటే లోపల సెయింట్ జార్జ్ చాపెల్, 2022లో ఎలిజబెత్ రాణిగారిని పెట్టిన చోటు, ఆదివారం టూరిస్టులని రానివ్వరు, ప్రార్థనకి వచ్చేవాళ్ళకే. కోటలోకి పెద్ద సామాను కూడా రానివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో లాగే చెకింగ్ ఉంటుంది, అందుకే పెట్టెలు వ్యాన్‌లో ఉండటం ఎంత సుఖమో అక్కడ అర్థమవుతుంది. లోపల ఎత్తు పల్లాలున్నాయి, పిన్నిగారికి కష్టమైతే మీరిద్దరూ ఆగిపోయి కింద థేమ్స్ ఒడ్డున బెంచీ మీద కూర్చోండి, హంసలు ఉంటాయి, పడవలు తిరుగుతుంటాయి, కోటలోకి వెళ్ళినవాళ్ళకంటే బాగానే గడుస్తుంది.

పదకొండుకి విండ్సర్ చేరితే రెండున్నర దాకా ఉండండి. టెర్మినల్ 3కి ఐదుకి వెళ్తే చాలు, మరీ ముందెళ్తే చెకిన్ కౌంటర్ తెరిచి ఉండకపోవచ్చు, పెట్టెలు తీసుకోకపోతే మళ్ళీ ట్రాలీలు పట్టుకుని కుర్చీలు వెతుక్కోవాలి. మధ్యలో ఆ రెండు గంటలు భోజనానికి పెట్టుకోండి. వారం రోజులు ఓడలో బ్రెడ్డూ బంగాళాదుంపలూ తిని ఉంటారు, అన్నం మీద ప్రాణం లాగుతుంది. సౌతాల్ పేరు వినే ఉంటారు, అదంతా పంజాబీ వాళ్ళ ఊరు, ఆదివారం సాయంత్రం ఆ మెయిన్ రోడ్డులో కారు కదలదు, ఫ్లైట్ ఉన్న రోజు నేను పంపను. హౌన్‌స్లో ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర, తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు, దోసె, సాంబారన్నం దొరికే హోటళ్ళున్నాయి, డ్రైవర్‌కి పొద్దునే చెప్పి పెట్టండి.

వ్యాన్ మరీ ఎక్కువనిపిస్తే చవకగా ఒక దారి ఉంది. సౌతాంప్టన్ కోచ్ స్టేషన్ నుంచి నేషనల్ ఎక్స్‌ప్రెస్ బస్సులు నేరుగా హీత్రూకి వెళ్తాయి, రెండు గంటలు, ముందే కొంటే తలా పది నుంచి పాతిక పౌండ్లు, టెర్మినల్ 2, 3కి దగ్గర్లోనే ఆగుతాయి. మనిషికి 20 కిలోల పెట్టెలు రెండు, ఒక చిన్న చేతి బ్యాగు ఒప్పుకుంటారు, మీ విమానం పెట్టె 23 కిలోలు నింపారనుకోండి, ఎక్కించనని డ్రైవర్ అంటే మాట్లాడటానికి మనకేం ఉండదు. ఓడ దిగిన టెర్మినల్ నుంచి కోచ్ స్టేషన్ దాకా మళ్ళీ టాక్సీ కావాలి, మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తుంది, నడుద్దాం అంటారు బావమరిదిగారు, వద్దని చెప్పండి. హీత్రూ చేరాక పెట్టెల్ని టెర్మినల్ 3 లెఫ్ట్ లగేజ్‌లో పడేస్తే, అదే 120 పౌండ్లు, చేతులూపుకుంటూ ఎలిజబెత్ లైన్ రైలెక్కి లండన్ నడిబొడ్డుకి ముప్పావుగంటలోపు వెళ్ళొచ్చు. లండన్ చూడాలన్న పట్టుదల ఆయనకి మరీ ఉంటే ఈ దారే పట్టండి, సామాను ఫ్లైట్ ఎక్కే చోటే ఉంటుంది కాబట్టి లండన్ నుంచి నేరుగా హీత్రూకి వచ్చేస్తే చాలు. ఆ బస్సు పొద్దున పదిన్నర తర్వాతది తీసుకోండి, ఓడ లేటైతే ముందు బస్సు టికెట్ డబ్బు పోయినట్టే.

పిన్నిగారికి నడకే వద్దనుకుంటే ఇంకోటి, హీత్రూ దగ్గర హోటళ్ళలో పగటిపూటకి మాత్రమే రూమ్ ఇస్తారు, పెట్టెలతో సహా అందులో దిగిపోయి, స్నానం చేసి, కునుకు తీసి, సాయంత్రం బయల్దేరచ్చు. ఆడవాళ్ళిద్దరూ రూమ్‌లో, మగవాళ్ళిద్దరూ లండన్‌లో, అలా కూడా చేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు, ఎవరు ఎక్కువ సంతోషంగా ఇల్లు చేరారో మాత్రం అడక్కండి. క్రూయిజ్ కంపెనీలు కూడా ఆఖరి రోజు విండ్సర్‌నో స్టోన్‌హెంజ్‌నో చూపించి హీత్రూలో వదిలే బస్సు టూర్లు అమ్ముతాయి, సామాను బస్సు కింద ఉంటుంది, ఓడ లేటైనా బాధ్యత వాళ్ళదే. నలుగురికి రేటు కనుక్కుని వ్యాన్‌తో పోల్చుకోండి, కొన్నిసార్లు పెద్ద తేడా ఉండదు. ఒకటే చూసుకోవాలి, కొన్ని టూర్లు మధ్యాహ్నం రెండింటికే ఎయిర్‌పోర్ట్‌లో దింపేస్తాయి, మీకు ఏడు గంటలు అక్కడే కూర్చోవాల్సి వస్తుంది.

ఇంకో మాట, పెట్టెలు ఎనిమిది నుంచి ఆరుకి దించగలరేమో చూడండి. నార్వేకి స్వెటర్లు కావాలి నిజమే, కానీ ఓడలో బట్టలు ఉతికే చోటు ఉందేమో కనుక్కుంటే సగం చీరలు ఇంట్లో మిగుల్తాయి. ఆరైతే డబ్బుతో పాటు మీ నలుగురి నడుములు కూడా మిగుల్తాయి.

మీ సీసా సంగతి. ఓడ షాపులో కొన్న మందు ఆఖరి రోజు దాకా వాళ్ళ దగ్గరే పెట్టుకుని అప్పుడు గదికి పంపిస్తారు, అప్పటికి మీ పెట్టెలు సర్దేసి ఉంటాయి. గది బయట పెట్టేలోపు సీసా వస్తే బట్టల మధ్య చుట్టి పెట్టెలో పెట్టేయండి, రాకపోతే చేతి సంచిలో తెచ్చుకుని హీత్రూలో చెకిన్‌కి ముందు వ్యాన్ దగ్గరే పెట్టె తెరిచి అందులోకి మార్చండి. చేతి సంచిలోనే ఉంచుకుంటే దుబాయ్‌లో ఫ్లైట్ మారేటప్పుడు మళ్ళీ చెకింగ్ ఉంటుంది, అక్కడ తీసేసుకుంటారు. హైదరాబాద్‌లో మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేదు, నలుగురున్నారు కాబట్టి లెక్కకి ఎనిమిది లీటర్లు అవుతుంది, ఈ ముక్క బావమరిదిగారికి చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం.